పెండ్లికొడుకు కట్టిన స్టేజీ

మా తమ్ముడు మల్లేష్ దుబాయిలో తొమ్మిదేళ్లు ఉన్నాడు. మొదటి ఏడాది వాడు హెల్పరు. రెండో ఏడాది నుంచి మేనేజరయ్యాడు. ఆ మార్పు వాడి కంపెనీ కాగితాల్లో ఎక్కడా లేదు, మా బాపు నోట్లోనే జరిగింది. లక్సెట్టిపేట బస్టాండులో చాయ్ తాగుతుంటే ఎవరో "రాయమల్లూ, మీ పోరడు ఏం పని చేస్తుండు" అని అడిగారట. "పెండ్లిళ్ల కంపెనీల మేనేజర్" అన్నాడట బాపు. అన్న మాట వెనక్కి తీసుకోవడం మా ఇంటావంటా లేదు. మరుసటి ఏటికల్లా వాడి చేతికింద పదిమంది పనిచేస్తున్నారు. నా పెండ్లి నాటికి ఆ పదిమంది ఇరవైమంది అయ్యారు. హుస్నాబాద్‌లో మా అత్తగారింట్లో కొత్తకోడలిగా నేనూ ఆ ఇరవైమందినే చెప్పాను. ఆ పూట మా అత్త నా కంచంలో కోడికూర తునకలు రెండు ఎక్కువే వేసింది. కాబట్టి తప్పంతా బాపుదేనని అనడానికి నాకు నోరు లేదు.

వాడు అసలు చేసే పని పెద్ద పెద్ద హోటళ్లలో పెండ్లి స్టేజీలు కట్టడం. ఇనుప ఫ్రేములు మోయాలి, గుడ్డలకు కుచ్చులు పెట్టాలి, పూలు గుచ్చాలి, పెండ్లయ్యాక అన్నీ విప్పి లారీకి ఎత్తాలి. వాడి చేతులు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. కానీ దుబాయి నుంచి దిగినవాడి చేతులు మా ఊళ్లో ఎవరు చూస్తారు, చేతి గడియారం చూస్తారు గానీ.

నిర్మల్ దగ్గర సంబంధం కుదిరింది. పిల్ల పేరు నవ్యశ్రీ, ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ఆమె మేనమామ హనుమండ్లు మాటలకు వచ్చినప్పుడు బాపు ఆ ఇరవైమందినీ మళ్లీ బయటికి తీశాడు. "మేనేజర్ అల్లుడంటే మాకు ఇజ్జతే గదా బావా" అన్నాడు హనుమండ్లు సంతోషంగా. వంటింట్లో మా అవ్వ నా చెయ్యి పట్టుకుని, "గీ ముచ్చట యాడికి పోయి ఆగుతదో బిడ్డా" అంది. పిల్లను తెచ్చుకుని పెండ్లి మా ఇంటి ముందరే చెయ్యాలని ఖాయం చేశారు.

పెండ్లి ఇరవై రోజులుందనగా మల్లేష్ దిగాడు. వెంట రెండు పెద్ద పెట్టెలు. ఆ పెట్టెలు తెరిచే వేళకు మా ఇంట్లో అడుగుపెట్టడానికి జాగా లేదు. చుట్టాలంతా వాడి ఆరోగ్యం గురించి అడుగుతూ పెట్టె తాళం వైపు చూస్తున్నారు. వాడు తెరిచాడు. సెంటు సీసా లేదు, సబ్బు లేదు, దుప్పటి లేదు. నిండా తెల్లగుడ్డ, తానులకు తానులు. ఒక మూల నాలుగు డబ్బాల పిన్నులు.

"ఏందిరా గిది" అంది మా మేనత్త శంకరవ్వ. సెంటు మీద అందరికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఆమే.

"స్టేజీ గుడ్డ అత్తా. నా పెండ్లి స్టేజీ నేనే కట్టుకుంట."

చుట్టాలు ఐదు నిమిషాల్లో ఖాళీ అయిపోయారు. బాపు మాత్రం తలుపు దగ్గరికి వేసి మొదలుపెట్టాడు. "మేనేజర్ నిచ్చెనెక్కి మేకులు కొడుతడారా? పిల్లదిక్కోళ్లు సూస్తే ఏమనుకుంటరు?"

"బాపూ, నాలుగు వందల స్టేజీలు కట్టిన. పెండ్లి నడుస్తుండంగ ఒక్కటి సుత కండ్ల చూడలే. నేను కట్టిన స్టేజీ మీద నేను నిలవడాలె. గంతే."

మూడు రోజులు తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. ఇద్దరి మధ్యా నేనే అటూ ఇటూ మాటలు మోశాను. నాలుగో రోజు బాపు దిగివచ్చాడు. కట్టుకో, కానీ కరీంనగర్ నుంచి కంపెనీవాళ్లు వచ్చి కట్టారని పిల్లదిక్కు వాళ్లకు చెబుతాను, నువ్వు నడుమ నోరు తెరవొద్దు అన్నాడు. మల్లేష్ సరేనన్నాడు గానీ ఆ సాయంత్రం బావి దగ్గర నాతో, "గిది నేను కట్టిన అని పిల్లదిక్కోళ్ల ముందట ఒక్కసారి చెప్పుకుంటే మంచిగుంటుండె అక్కా" అన్నాడు.

"చెప్తె నౌకరీ సంగతి బయటపడదారా?"

"పడుతది. పడితే పెండ్లి ఆగుతదని బాపు పరేషాన్ అయితుండు."

నేను కూడా చెప్పొద్దనే అన్నాను. మేనేజర్ గారి అక్కగా హుస్నాబాద్‌లో నాకున్న మర్యాద నాకూ ముఖ్యమే మరి. వాడు బొక్కెన బావిలోకి వదిలాడు.

మరునాటి నుంచి పని మొదలైంది. పాత క్యాలెండర్ల వెనక బొమ్మలు గీశాడు. ఏ గుంజ ఎక్కడ, ఏ గుడ్డ ఎన్ని మూరలు, ఏ పువ్వు ఎటువైపు తిరగాలి, అన్నీ రాశాడు. ఆ కాగితాలు చూసిన ప్రతివాడూ ఒక సలహా ఇచ్చి పోయాడు. స్టేజీ అన్నాక రంగుల లైట్లు గిరగిరా తిరగాలన్నాడు ఒకడు. పొగ రావాలన్నాడు ఇంకొకడు. తన మనవరాలి పుట్టినరోజుకు రెక్కలున్న గుర్రం పెట్టారనీ అదింకా అటక మీదే ఉందనీ ఒక పెద్దమనిషి చెప్పాడు. వాడు అందరికీ తల ఊపి ఏదీ పెట్టలేదు. దుబాయిలో వాడు బాగా నేర్చుకున్న విద్యల్లో అదొకటి.

అసలు గొడవ ఫ్లెక్సీ దగ్గర వచ్చింది. స్టేజీ వెనక తెల్లగుడ్డ తప్ప ఏమీ ఉండదని తెలిసి నా మొగుడు కుమార్ అలిగాడు. ఇంటి అల్లుడి ఫోటో లేకుండా పెండ్లి ఎట్లా జరుగుతుందని ఆయన ప్రశ్న. ఫోటో ఆల్రెడీ దిగి ఉన్నాడు, నల్లద్దాలు పెట్టుకుని, వేలు ఎటో చూపిస్తూ. ఆ వేలు ఏం చూపిస్తుందో పెండ్లయి ఆరేళ్లయినా నాకు తెలియదు. మా దిక్కు పచ్చటి పందిరి వెయ్యాల్సింది ఇంటి అల్లుడే. ఆయన అలిగితే పందిరి లేదు, పందిరి లేకపోతే పెండ్లి లేదు. చివరికి ఫ్లెక్సీ రోడ్డు మలుపులో కట్టించారు. పెండ్లికొడుకు ఫోటో అందులో ఒక మూల తపాలా బిళ్లంత ఉంది.

గుంజలు లేచాయి, అటూ ఇటూ తెల్లగుడ్డ దిగింది.  మా గోడ, మా గడ్డివాము, మా ఎడ్ల కొట్టం అన్నీ ఆ గుడ్డ వెనక్కి పోయి, ముందర ఒక చల్లటి గది లేచినట్లుంది. మా మల్లిగాడు ఇంత పని నేర్చాడా అనుకున్నాను. గర్వంగా అనిపించింది. అప్పుడే శంకరవ్వ అత్త కర్ర పట్టుకుని వచ్చింది.

"తెల్లగుడ్డ ఎవలకు కప్పుతర్రా" అని అడిగింది మెల్లగా.

 జవాబు అందరికీ తెలుసు. దుబాయిల గట్లనే కడుతరని మల్లేష్ అంటే, "దుబాయిల సచ్చినోళ్లను ఏం రంగుల తీస్కపోతరో నాకేమెరుక, మన కాడ మాత్రం గిదే రంగు" అంది. విప్పమంటారేమోనని వాడి ముఖం పాలిపోయింది. అత్తకు మాత్రం ఆచారంలో అడ్డమూ తెలుసు, దారీ తెలుసు. కొత్తగుడ్డ కొసలకు పసుపు పెడితే దోషం పోతుందంది. గిన్నెలో పసుపు కలుపుకొచ్చి, ఒక్కొక్క గుడ్డ కొసనూ వెతికి పట్టుకుని ముంచింది. నలభై గుడ్డలు, కింది కొసలే ఎనభై. ఆ సన్నటి గుడ్డ పసుపు నీళ్లను పైపైకి తాగింది. సాయంత్రానికి స్టేజీకి మోకాళ్ల దాకా పసుపు వచ్చింది. వాడు కాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత దూరంగా పోయి, ఒక కన్ను మూసి చూసి, "పర్వాలే అక్కా, కిందికెళ్లి ఎండ వడ్డట్టు ఉన్నది" అన్నాడు.

ఇక పెండ్లికి ముందు రోజు పొద్దున పెద్ద ఆపద వచ్చింది. తొమ్మిదేళ్లుగా పరాయివాళ్ల పెండ్లిళ్లకు గంట కూడా ఆలస్యం కాకుండా పని ముగించిన మనిషి, తన పెండ్లికి పనిరోజులు లెక్కపెట్టుకుని ఆ లెక్కలో పసుపును మరిచిపోయాడు. ఐదుగురు ముత్తయిదువలు వాడిని పీట మీద కూర్చోబెట్టి పసుపు పూసి పెండ్లికొడుకును చేశారు. పసుపు పడ్డాక గడప దాటొద్దు. నిచ్చెన ఎక్కొద్దు. దిష్టి తగలకుండా చేతిలో ఇనుప కటారు పట్టుకుని లోపల కూర్చోవాలి. స్టేజీ ఇంకా సగం మిగిలి ఉంది.

"గీ ఒక్క దినం ఇడువు అత్తా" అని బతిమాలాడు వాడు.

"ఇడువ. నీ బాపు పెండ్లిల సుత ఇడువలే."

"మరి చేతుల ఇనుము ఉండాలె, గంతే గదా?"

"గంతే."

కటారు పక్కన పెట్టి సుత్తె పట్టుకున్నాడు. అత్త ఆలోచించి, ఇనుమే గదా ఉండనియ్యి అంది. సుత్తె పట్టుకుని, ఒళ్లంతా పసుపుతో, కిటికీ ఊచలకు ముఖం ఆనించి కూర్చున్నాడు మా పెండ్లికొడుకు. బయట నిచ్చెన మీద నేను. నా చేతులు ఆ రోజుకు వాడివయ్యాయి.

"కుచ్చు నాలుగు వేళ్లు అక్కా, ఆరు వేళ్లు గాదు. పిన్ను బయటికి కనవడొద్దు. గుడ్డను గట్టిగ గుంజొద్దు, బతిమిలాడినట్టు తియ్యి." కిటికీ నుంచి వాడు అరుస్తుంటే నేను గుడ్డను బతిమాలాను. నా మొగుణ్ని కూడా అంతగా ఎన్నడూ బతిమాలలేదు. ఆ మొగుడే నడిమధ్యాహ్నం ట్రాక్టరు నిండా నేరేడు కొమ్మలు తెచ్చి, అల్లుడి హోదాలో, ఎవరినీ అడగకుండా స్టేజీ మీద పందిరి పరిచేశాడు. కొమ్మలతో పాటు చీమలు దిగాయి. తెల్లగుడ్డ మీద నల్లచీమలు బారులు తీరి నడుస్తుంటే కిటికీలో వాడు కళ్లు మూసుకున్నాడు. అయినా పొద్దు గూకేలోపు పని అయింది. చేతులు నొప్పి పుట్టి నేను అన్నం ముద్ద కూడా కలపలేకపోయాను. అవ్వ తినిపించింది. వీడు తొమ్మిదేళ్లు రోజూ చేసిన పని ఇదా అని అప్పుడు తెలిసింది నాకు.

మరునాడు పదకొండింటికి ముహూర్తం. పదింటికి వాడు పెండ్లి బట్టలు కట్టుకుని, బాసింగం కట్టించుకుని స్టేజీ మీద కూర్చున్నాడు. ఊరి చివర డప్పులు వినపడ్డాయి. పిల్లదిక్కు బండ్లు వచ్చాయని అందరం వాకిట్లోకి పరుగెత్తాం. పిల్లను దింపుకుని, కాళ్లకు నీళ్లిచ్చి, షర్బత్ తాగించి వెనక్కి తిరిగి చూస్తే కుర్చీలో పెండ్లికొడుకు లేడు.

ఇంట్లో చూశాను. బావి దగ్గర చూశాను.  చివరికి స్టేజీ వెనక, గుడ్డకూ ఎడ్ల కొట్టానికీ మధ్య ఉన్న సందులో కనిపించాడు. బాసింగంతో, పట్టు పంచెతో, మిగిలిపోయిన ఫ్రేము ముక్కల పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు.

"ఏందిరా గీడ కూసున్నవ్" అన్నాను.

వాడు నన్ను చూసి సిగ్గుపడ్డాడు. "ఏమో అక్కా. బండ్ల చప్పుడు వినవడంగనే కాళ్లు గిటే వచ్చినయి. దుబాయిల చుట్టాలు దిగంగనే మేము ఎనుక దర్వాజకెళ్లి పోవాలె. మమ్ముల ఎవలు సూడద్దు. సూస్తే సూపర్‌వైజర్ ఊకోడు. తొమ్మిదేండ్లు గట్లనే పోయినం గదా."

నేనేదో అనబోతుంటే గుడ్డ అవతల నుంచి మాటలు వినపడ్డాయి. హనుమండ్లు గొంతు. "ఎవలు కట్టిన్రు బావా గిది? మా నిర్మల్ దిక్కు గిసొంటిది చూడలే. కింద గా పసుపు రంగు ఎట్ల తెచ్చిన్రు?"

"కరీంనగర్ కంపెనీ" అంటున్నాడు మా బాపు. "ఎనిమిది మంది వచ్చిన్రు. మిషన్‌ల పెట్టి తెస్తరట గా రంగు."

"జర గా కంపెనీ నంబర్ ఇయ్యి బావా. మా బిడ్డ పెండ్లి సుత ఉన్నది."

"ఇంకో గ్లాసు షర్బత్ తాగు బావా" అన్నాడు బాపు. మల్లేష్ ఇవతల ఆ మాటలన్నీ విన్నాడు. "రంగు మెచ్చిండు" అన్నాడు మెల్లగా, నవ్వుతూ.  లేవలేదు.

నాకు సిగ్గేసింది. హుస్నాబాద్‌లో నేను తిన్న ఆ తునకలు గుర్తొచ్చాయి. వీడి చేతులు ఇట్లా ఉన్నందుకు కాదు, అవి కనపడకుండా ఇన్నేళ్లు మేమంతా కలిసి గుడ్డ కప్పినందుకు. సూపర్‌వైజర్ అక్కడే కాదు, మా ఇంట్లోనూ ఉన్నాడు. ఒకడు కాదు, నాతో కలిపి ఇద్దరం.

వాడి రెక్క పట్టుకుని లేపాను. వెనక సందు నుంచి కాకుండా, ఇల్లు చుట్టి, పిల్లదిక్కు వాళ్లంతా నిలబడ్డ వాకిటి మీదుగా ముందర నుంచి తీసుకొచ్చాను. చదివింపులు చెప్పే మైకు బల్ల మీద ఉంది. తీసుకున్నాను. 

"గీ స్టేజీ ఏ కంపెనీ కట్టలే. మా తమ్ముడు మల్లేష్ కట్టిండు. దుబాయిల ఆయన పని గిదే. మేనేజర్ గాదు. మేనేజర్ అని చెప్పింది మేము."

డప్పులవాళ్లు కూడా ఆగిపోయారు. బాపు నేలచూపులు చూస్తున్నాడు. నా మొగుడు నా వైపు, ఈమె ఎవరో తెలియనట్లు చూస్తున్నాడు. హనుమండ్లు చేతిలో ఫోను, నంబరు రాసుకోవడానికి తెరిచింది అట్లాగే ఉంది. ఆయన మెల్లగా బాపు వైపు తిరిగాడు. పెండ్లి ఆగింది అనుకున్నాను. నా నోటిని తిట్టుకున్నాను.

"నాకు ఎరుకే మామా" అంది నవ్యశ్రీ. పిల్ల గొంతు మేమంతా వినడం అదే మొదటిసారి. "ఫోన్ల మొదటి దినమే చెప్పిండు. మీరంతా మేనేజర్ అని మస్తు సంబురపడుతుంటే నడుమ ఎందుకని నేను ఊకున్న."

హనుమండ్లు కాసేపు గడ్డం గోక్కున్నాడు. మేనమామగా కోపం తెచ్చుకోవాలో వద్దో ఆయనకు తేలడం లేదు. చివరికి ఫోను మూసి జేబులో పెట్టుకున్నాడు. "అయితే నంబర్ నా కాడ ఉన్నట్టే గదా బావా" అన్నాడు.

బాపు గొంతు సవరించుకున్నాడు. "గుంజలు మాత్రం నేనే పాతిచ్చిన" అన్నాడు.

డప్పులు మళ్లీ మొదలయ్యాయి. జీలకర్ర బెల్లం పెట్టారు, తెర తీశారు. ఆడబిడ్డను గనక నేను పిల్ల వెనకే నిలబడి ఉన్నాను. అయ్యగారు మంత్రాలు చదువుతుంటే నవ్యశ్రీ మొగుడి ముఖం చూడకుండా పైకి చూస్తోంది. చూసి చూసి, తల వంచి నెమ్మదిగా అంది. "ఎడమదిక్కు మూడో కుచ్చు వంకరున్నది."

అది కట్టింది నేను. 

మల్లేష్ తల తిప్పి చూశాడు. వాడి ముఖంలో అంత వెలుగు నేను ఎన్నడూ చూడలేదు. "అవ్. రెండు వేళ్లు ఎక్కువ వచ్చింది" అన్నాడు.

"తాళి కట్టినంక సర్దు."

తాళి కట్టాడు. అక్షింతలు పడ్డాయి. అయ్యగారు కూర్చోండి కూర్చోండి అంటున్నా వినకుండా లేచాడు. కొంగుముడి పడి ఉంది గనక పిల్ల కూడా లేవాల్సి వచ్చింది. ఇద్దరూ ఎడమవైపు గుంజ దగ్గరికి నడిచారు. ఆమె పిన్నులు అందిస్తుంటే, వాడు మునివేళ్ల మీద నిలబడి ఆ కుచ్చు విప్పి, నాలుగు వేళ్లకు మడిచి, మళ్లీ కట్టాడు. కట్టి రెండడుగులు వెనక్కి జరిగి చూసుకున్నాడు. అప్పటిదాకా మూడు వందల మంది చుట్టాలు అన్నాల దిక్కు పోకుండా నిలబడి, మా తమ్ముడు పని చేస్తుంటే చూశారు.